బావుందని చెప్పాను

14 జూన్ 1999, సోమవారం

సామాను దింపేసరికి మధ్యాహ్నం అయింది. అద్దం ఒక్కటే పగిలింది. ఆయన జనవరిలో ఇక్కడి సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో చేరినప్పుడు వాళ్ళిచ్చిన డైరీ ఇది. ఆర్నెల్లు గదిలో ఒక్కరే ఉండి ఒక్క ముక్క కూడా రాయలేదు. నాకు ఇక్కడ మాట్లాడే మనుషులు లేరు కనుక దీనితోనే మాట్లాడుకుంటాను.

అంబాజీపేట నుంచి జగ్గయ్యపేట. రెండూ పేటలే, పోలిక అంతవరకే. అక్కడ కొబ్బరాకుల మీద వాన నీళ్ళు ఉండేవి. ఇక్కడ ఆకుల మీద బూడిదరంగు పొడి.

వీధివైపు భాగం మాది. వెనక భాగంలో ఇంటివాళ్ళు. బుల్లిబాబుగారు, ఆయన భార్య దుర్గాంబగారు, వాళ్ళమ్మాయి కృష్ణప్రియ. వీరులపాడు దగ్గర పత్తి, మిరప పొలాలున్నాయి. పెరట్లో గేదె. మేడ మీద భాగం ఖాళీ.

దుర్గాంబగారు నాకంటే పదేళ్ళు పెద్ద ఉంటారు. వచ్చీ రాగానే, "ప్రయాణం చేసొచ్చారు, ఇయ్యాల పొయ్యేం వెలిగిస్తారండి. అన్నం కూర పంపిస్తా" అన్నారు.

"సోమవారం కదండీ, ఉపవాసం" అన్నాను.

"పాపకి కూడానా?"

"దానికీనండి."

మైథిలి నా వంక చూసిన చూపు ఇంకా కళ్ళలో ఉంది. పొద్దుటి నుంచి దాని కడుపులో రెండు ఇడ్లీలే ఉన్నాయి. సాయంత్రం ఆరింటికి పప్పుచారు పెట్టాను.

20 జూన్, ఆదివారం

వెనక నుంచి మసాలా వాసన. కిటికీ మూశాను. నాకు ఎవరి మీదా చిన్నచూపు లేదు. ఎవరి తిండి వాళ్ళది. కిటికీ మూసుకోవడం నా ఇష్టం.

27 జూన్

పనిమనిషి కుదిరింది. పేరు పున్నమ్మ. నవ్వు ముఖం. కాఫీ ఇవ్వడానికి ఒక స్టీలు గ్లాసు వేరే తీసి ప్రహరీ గోడ మీద పెట్టాను. మా ఊళ్ళో అమ్మ అలాగే పెట్టేది. అది అలవాటు, అంతే.

సాయంత్రం దుర్గాంబగారు చిన్న జాడీ రెండు చేతులతో పట్టుకొచ్చారు.

"ఈ ఏడు ఆవకాయ బాగా కుదిరిందండి. పాప అన్నంలో కలుపుకుంటదని తెచ్చా."

మూత తియ్యగానే వెల్లుల్లి. మా ఇంట్లో వెల్లుల్లి గడప దాటి రాలేదు ఇంతవరకూ. వద్దంటే ఆవిడ నొచ్చుకుంటారు. పారేస్తే పాపం. పున్నమ్మని పిలిచి చిన్న డబ్బాలో పెట్టి ఇచ్చేశాను. ఎవరి మనసూ కష్టపెట్టకుండా పని జరిగింది.

5 జూలై

వారం ఆగి, జాడీ తోమి ఇచ్చాను. "బావుందండీ, చాలా బావుంది" అన్నాను.

దుర్గాంబగారి ముఖం ఎంత వెలిగిందో. మంచి పని చేసినట్టనిపించింది.

19 జూలై

మైథిలి నందిగామలో ఇంటర్‌లో చేరింది. పొద్దున ఏడున్నర బస్సు, సాయంత్రం అయిదున్నరకి ఇంటికి. రాగానే "ఆకలి లేదమ్మా" అంటుంది. కాలేజీ దగ్గర బండి మీద ఏదో తింటోందని నా అనుమానం. గట్టిగా చెప్పాను, బయటి తిండి మంచిది కాదని. బుద్ధిగా తల ఊపింది.

గుమ్మడికాయ పులుసు పెట్టాను, బెల్లం దట్టంగా వేసి. గిన్నెడు దుర్గాంబగారికి పంపాను. వాళ్ళకీ మన రుచులు తెలియాలి కదా. గిన్నె కడిగి పంపుతూ, "బావుందండి" అన్నారు. ఇక వారానికోసారి, ప్రతి శుక్రవారం పంపుతాను.

8 ఆగస్టు

దుర్గాంబగారు ఈ మధ్య వండినవేవీ పంపడం లేదు. బెండకాయలు, సొరకాయలు, దోసకాయలు పంపుతున్నారు. తొడిమ కూడా తియ్యరు. బద్ధకమేమో. పొలం పనులు పెరిగాయేమో. నాకు మాత్రం ప్రాణం హాయిగా ఉంది.

22 ఆగస్టు, ఆదివారం

మేడ మీదకి అద్దెకి దిగారు. రాజస్థాన్ వాళ్ళు. భార్యాభర్తలే. ఆయనకి నాపరాళ్ళు పాలిష్ పట్టే మిషన్లున్నాయి. ఖమ్మంలో ఎనిమిదేళ్ళుండి వచ్చారు. ఆవిడ పేరు కంచన్‌బాయి. జైనులట. మాంసం, గుడ్డు ముట్టరట. ఇన్నాళ్ళకి మనలాంటి వాళ్ళు దొరికారు. రాజస్థాన్ అయితేనేం, శుచి ముఖ్యం.

వెంటనే బంగాళాదుంప ఉల్లికారం చేసి పైకి పంపాను.

23 ఆగస్టు

పొద్దున్నే కంచన్‌బాయి మెట్లు దిగి వచ్చింది. చేతిలో నా గిన్నె. మూత తీస్తే కూర పంపింది పంపినట్టే ఉంది.

"సుందరక్కా, తప్పు అనుకోవద్దు. ఉల్లిగడ్డ మేము తినం. ఆలుగడ్డ తినం. భూమి లోపల పెరిగేది ఏదీ తినం. మీ వంట మంచిగనే ఉంటది, మాకు నడవదు. ఖరాబు కాకముందే తెచ్చి ఇచ్చిన."

"పోనీ కూర్చోండి, మంచినీళ్ళయినా తాగండి" అన్నాను.

"కాచిన నీళ్ళే తాగుతా అక్కా. వద్దు." చేతులు జోడించి వెళ్ళిపోయింది.

వద్దు. మా ఇంటి నీళ్ళు. మా అమ్మమ్మ తడిబట్టతో వండేది, నీడ కూడా పడనిచ్చేది కాదు. ఆ ఇంటి పిల్లని నేను. నా వంట వెనక్కి వచ్చింది. రోజంతా చేతికి పని ఎక్కలేదు. ఆయన ఇంటికి రాగానే చెప్పాను. పేపరు దించి నవ్వారు.

"ఇప్పుడు తెలిసిందా?"

"ఏం తెలియాలి?"

ఆయన మళ్ళీ పేపరు ఎత్తారు. కూర మేమే తిన్నాం. నాకు సయించలేదు.

9 సెప్టెంబరు

కంచన్‌బాయి ఎనిమిది రోజుల ఉపవాసంలో ఉందట. ఒట్టి కాచిన నీళ్ళు, అదీ పగలే. నేను సోమవారం ఒక్కపూట ఉంటేనే తలనొప్పి అని పడుకుంటాను. మనిషి గట్టిదే. అయినా మొహమాటమనేది ఉండాలి.

దుర్గాంబగారు రోజూ మధ్యాహ్నం పైకి వెళ్ళి ఆవిడ దగ్గర కూర్చుంటున్నారు. నవ్వులు వినిపిస్తాయి. మా ఇంటికొస్తే గుమ్మం బయటే నిలబడి మాట్లాడి వెళ్ళిపోతారు. ఎన్నిసార్లు రమ్మన్నా, "పర్లేదు లెండి, పనుంది" అంటారు.

ఆ నవ్వులేవో ఏమిటో. ఒకరు మాంసం తినేవాళ్ళు, ఒకరు ఉల్లిపాయ కూడా తినని వాళ్ళు. మధ్యలో నేను ఉన్నాను, నాతో కదా ఇద్దరికీ కుదరాలి.

3 అక్టోబరు

మైథిలి "ఏందమ్మా" అంది. సరిదిద్దాను.

4 అక్టోబరు

మళ్ళీ అంది.

30 డిసెంబరు

వారం వారం పులుసు వెళుతూనే ఉంది. వారం వారం "బావుందండి" వస్తూనే ఉంది. ఈ ఊళ్ళో నా చేతి వంట విలువ తెలిసింది దుర్గాంబగారికే.

23 జనవరి 2000

కృష్ణప్రియ పెళ్ళి కుదిరింది. పిల్లవాడు నందిగామ కోర్టులో ప్లీడరు. ఫిబ్రవరి పదహారు ముహూర్తం. దుర్గాంబగారు గుమ్మంలో నిలబడే చెప్పారు, కళ్ళనీళ్ళతో, నవ్వుతో. నాకూ కళ్ళు తడిశాయి. ఆ పిల్ల పెరట్లో బట్టలారేస్తూ పాడుతుంటే వినడం అలవాటైపోయింది.

పనులన్నిటిలో ఉంటానని చెప్పాను. "మీరుంటే అదే పదివేలండి" అన్నారు.

13 ఫిబ్రవరి

ఈ వారమంతా వెనక భాగంలోనే ఉన్నాను. పసుపు దంచాం. ముగ్గులన్నీ నేనే వేశాను. కోనసీమ ముగ్గులని అందరూ చుట్టూ చేరి చూశారు. కొబ్బరిబోండాల మీద పేర్లు రాశాను. దుర్గాంబగారి ఆడపడుచు ఒకావిడ, "మీ మాట పాటలాగుందండి, ఇంకొంచెం మాట్లాడండి" అంది. ఇంత నవ్వి ఎన్నేళ్ళయిందో. కాఫీ వేళకి మాత్రం ఇంటికొచ్చి తాగి వెళ్ళేదాన్ని. ఎవరూ ఏమీ అనలేదు.

16 ఫిబ్రవరి, బుధవారం

పెళ్ళి వీధి చివర కల్యాణమండపంలో బాగా జరిగింది. కృష్ణప్రియ ఆకుపచ్చ అంచు తెల్లచీరలో బొమ్మలా ఉంది.

తర్వాతది ఎలా రాయాలి.

తలంబ్రాలు అయ్యాయి. పన్నెండున్నరకి భోజనాలకి లేవమన్నారు. వంటవాళ్ళు బ్రాహ్మలేనని, ఉల్లి వెల్లుల్లి లేకుండా ఒక బంతి విడిగా వేస్తున్నారని అప్పటికే విన్నాను. నేనూ లేచాను. ఈసారి తిందామనే లేచాను, అబద్ధం రాయను. దుర్గాంబగారు నా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుని, "మీరు పొద్దుటి నుంచి ఏమీ తీసుకోలేదండి. ఇంటికి స్వయంపాకం పంపించా. వండుకు తినండి, ఆలస్యం చేసుకోబాకండి" అన్నారు.

ఎంత మర్యాదగా అన్నారో. కాదనడానికి సందు లేదు.

ఆయనా మైథిలీ అక్కడే బంతిలో కూర్చున్నారు. నేను ఇంటికి వచ్చేసరికి బుల్లిబాబుగారు అరుగు మీద ఎదురుచూస్తున్నారు. కన్యాదానం చేసిన పట్టుపంచె ఇంకా మార్చుకోలేదు. పక్కన ఇత్తడి పళ్ళెం. సన్నబియ్యం, కందిపప్పు, నెయ్యి, కూరగాయలు, తాంబూలం, పైన రవికెగుడ్డ.

"మా భోజనం మీకు పడదని మా ఆవిడ చెప్పిందండి. మర్యాదలో ఏమన్నా లోటు జరిగితే మనసులో పెట్టుకోబాకండి" అని దణ్ణం పెట్టి వెళ్ళారు. కూతురి పెళ్ళిరోజున, ఎండలో, నాకోసం.

వంటింట్లో ఒక్కదాన్నీ కూర్చుని పప్పు వండుకున్నాను. వీధి వీధంతా పెళ్ళి భోజనంలో ఉంది. మైకులో సన్నాయి ఇంటిదాకా వినిపిస్తోంది. వారం రోజులు ఆ ఇంటిమనిషిలా తిరిగినదాన్ని, అన్నం వేళకి దేవుడి గదిలో పటాన్నయ్యాను.

రెండింటికి కంచన్‌బాయి వచ్చింది. చేతిలో తాంబూలం సంచి. కడుపు నిండిన ముఖం.

"నువ్వు తిన్నావా అక్కడ?" అన్నాను. నమ్మలేకపోయాను.

"తిన్న అక్కా. దుర్గమ్మ వారం ముందే పైకొచ్చి అడిగింది, నీకేం నడుస్తది, ఏం నడవదు అని. అన్నీ రాసుకున్నది. కొత్త గిన్నెల వండిచ్చింది. కాచిన నీళ్ళు కూడా. తోటకూర, పెసరపప్పు, పూరీ. ఉల్లిగడ్డ లేని బంతిల కూర్చోబెట్టింది."

"నన్ను అడగలేదు" అన్నాను.

కంచన్‌బాయి సంచి కింద పెట్టి, "నువ్వు ఎప్పుడన్న చెప్పినవా అక్కా?" అంది.

17 ఫిబ్రవరి

ఆయన్ని నిలదీశాను. దుర్గాంబగారికి నా మీద ఏదో ఉంది, ఏమిటది అని.

"ఆవకాయ" అన్నారు ఆయన.

పున్నమ్మ పోయిన జూలై ఆఖర్లోనే చెప్పేసిందట. చాడీ కాదు. "మీ ఆవకాయ ఎంత బావుందోనమ్మా, సుందరమ్మగారు ఇచ్చిందంతా నాల్రోజుల్లో అయిపోయింది, మా పిల్లలు ఇంకా అడుగుతున్నారు" అని మనస్ఫూర్తిగా మెచ్చుకుందట, కృష్ణప్రియ ముందే. ఆ సంగతి ఆయనతో బుల్లిబాబుగారు అన్నారట.

"ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే పున్నమ్మని మానిపించేదానివి."

కాదని అనబోయాను. మానిపించేదాన్నే.

తొడిమలతో వచ్చిన బెండకాయలు గుర్తొచ్చాయి. బద్ధకమని రాశాను పైన. పచ్చి కూరగాయకి అంటూ ముట్టూ లేదని ఆవిడ ఎంచి ఎంచి పంపారు. కోపం వచ్చిన మనిషి పంపడం మానేస్తుంది. ఆవిడ మానలేదు.

మైథిలి తలుపు దగ్గర నిలబడి అంతా వింటోంది. "నేను చెప్పేస్తానమ్మా. రోజూ కాలేజీ నుంచి రాగానే వెనక గుమ్మంలోంచి దుర్గాంబ పెద్దమ్మ దగ్గరికే వెళతా. జూలై నుంచీ అక్కడే తింటున్నా. పచ్చిపులుసు, చింతకాయ పచ్చడి, అవీ. మాంసం పెట్టలేదు, నేనూ అడగలేదు."

"వెల్లుల్లి?"

"ఆవకాయ కూడా తిన్నా."

పదహారేళ్ళ పిల్ల, ఏమీ కాలేదు. నిక్షేపంలా ఉంది. రంగు కూడా వచ్చింది. ఆయన మళ్ళీ పేపరు వెతుక్కున్నారు, నవ్వు దాచుకోవడానికి. ఇంట్లో అందరికీ అన్నీ తెలుసు. తెలియంది నాకే.

18 ఫిబ్రవరి

ఏమీ రాయబుద్ధి కావడం లేదు. కంచన్‌బాయి మా ఇంటి నీళ్ళు కూడా వద్దంది. కానీ నాతో ఒక్క అబద్ధం చెప్పలేదు.

19 ఫిబ్రవరి, శనివారం

వెళ్ళాను.

పెరట్లో ఎండుమిరపకాయలు రాశి పోసుకుని తొడిమలు తీస్తున్నారు దుర్గాంబగారు. పెళ్ళివారంతా వెళ్ళిపోయి ఇల్లు బోసిగా ఉంది. నేనూ పక్కన కూర్చుని తొడిమలు తియ్యడం మొదలుపెట్టాను. ఒక గుప్పెడు కాయలయ్యాక, "ఆవకాయ సంగతి మీకు తెలుసని నాకు మొన్న తెలిసిందండీ" అన్నాను.

ఆవిడ చెయ్యి ఆగలేదు. "పోనీండి. పారెయ్యలేదుగా. పున్నమ్మ పిల్లలు తిన్నారు, మంచిదే."

"మీరు నొచ్చుకున్నారు."

"నొచ్చుకున్నా." ఇప్పుడు చెయ్యి ఆగింది. "మీరు తినకపోతే ఏందండి, మీ పద్ధతులు మీవి. మా పొలంలో నీళ్ళు పెట్టేవాళ్ళకి మా గిన్నెల్లో మేము పెట్టం, నేనేం గొప్పదాన్నా. ఆ కంచనమ్మ మొహం మీదే చెప్పింది, వద్దని. నాకేం అనిపించలా. మీరేమో బావుందన్నారు. చాలా బావుందన్నారు. నేను ఇంటికెళ్ళి ఈయనకి చెప్పా, ఆవిడకి మన ఆవకాయ నచ్చిందని. వచ్చే ఏడు రెండు జాడీలు ఎక్కువ పెట్టాలని కూడా అనుకున్నా. అదండి."

"తప్పు చేశాను. క్షమించండి."

"అయ్యో, అంత మాటెందుకు."

"అడిగేస్తాను, చెప్పండి. మరి నా పులుసు మీకు నిజంగా నచ్చిందా?"

దుర్గాంబగారు మిరపకాయల్లో ఏదో వెతకడం మొదలుపెట్టారు. నేను ఊరుకోలేదు.

"ఏడు నెలల నుంచి పంపుతున్నానండీ."

"పులుసులో అంత బెల్లం ఏందండి తల్లీ. మొదటిరోజు ఒక ముద్ద కలుపుకున్నా. పాయసమో పులుసో తెలీలా. ఈయనైతే కంచం పక్కకి తోసేశాడు."

"మరి ఏం చేశారు?"

ఆవిడ పెరటి చివరకి చూశారు. నేనూ చూశాను. గేదె నిలబడి ఉంది.

"దానికి మాత్రం ప్రాణమండి. శుక్రవారం వస్తే ఇటే చూసుద్ది" అన్నారు.

ముందు ఎవరు నవ్వారో గుర్తులేదు. మిరపకాయల చేతులతో కళ్ళు తుడుచుకున్నాం ఇద్దరం, ఇక చూడాలి. బావి దగ్గర నీళ్ళు కొట్టుకుంటూ, మండుతున్న కళ్ళతో, ఇంకా నవ్వుతూనే ఉన్నాం. మేడ మీది నుంచి కంచన్‌బాయి తొంగి చూసి, "ఏమైంది అక్కా, ఎవరు పోయిన్రు?" అని గాభరా పడింది.

20 ఫిబ్రవరి, ఆదివారం

ఆదివారం వాళ్ళ వంట నాకు పనికిరాదని, పొద్దున తొమ్మిదింటికే, మాంసం పొయ్యి మీదకి ఎక్కకముందే రమ్మన్నారు. "ఏం నడుస్తది, ఏం నడవదో చెప్పండి" అని కంచన్‌బాయిని అడిగినట్టే అడిగారు. వెల్లుల్లి తినలేనని చెప్పాను. నలభై ఒక్కేళ్ళ అలవాటు, ఒక్కరోజులో పోయేది కాదు, పోవాలని కూడా నాకు లేదు.

"చెబితేనేగా తెలిసేది" అన్నారు.

దోసకాయ పప్పు, గోంగూర, పెరుగు. పీట వేశారు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు అమ్మమ్మ గుర్తొచ్చింది. మింగాను. రెండోది మామూలుగానే దిగింది.

"ఎట్టా ఉంది?" అన్నారు ఎదురుగా కూర్చుని.

"పప్పులో ఉప్పెక్కువైందండీ" అన్నాను.

ఆవిడ వేలితో రుచి చూసి, "అవును, ఎక్కువే" అన్నారు. ఆ ముఖంలో వచ్చిన నవ్వు ఆ జాడీ రోజు కూడా చూడలేదు. ఇంకో గరిటె వేశారు, ఉప్పుదే.

21 ఫిబ్రవరి

పున్నమ్మ గ్లాసు తీసి లోపలి గ్లాసుల్లో కలిపేశాను. పున్నమ్మ వచ్చి గోడ మీద వెతికింది. "ఏదమ్మగారూ నా గ్లాసు?" అంది. ఏదో ఒకటి తీసుకోమన్నాను. భయపడి కాఫీ వద్దంది. తప్పు నాది, అలవాటు ఇద్దరిదీ. రేపు మళ్ళీ అడుగుతాను.

22 ఫిబ్రవరి

ఈరోజు తాగింది. నిలబడే తాగింది.

26 ఫిబ్రవరి, శనివారం

నందిగామ వెళ్ళాం, కృష్ణప్రియని అత్తవారింట్లో చూసి రావడానికి. దుర్గాంబగారి చేతిలో అరిసెల డబ్బా. కంచన్‌బాయి సంచిలో కాచిన నీళ్ళ సీసా, ఎండు రొట్టెలు. నేను ఇంట్లోంచి పులిహోర కట్టుకున్నాను. బస్సులో ఇంగువ వాసనకి దుర్గాంబగారు ముక్కు చిట్లించి, "ఇదేం వాసనండి తల్లీ, కిటికీ తియ్యండి" అన్నారు. తీశాను.

చిల్లకల్లు దాటాక కండక్టరు వచ్చాడు. మా ముగ్గురినీ, మూడు సంచులనీ చూసి, "ముగ్గురూ ఒకటేనా అమ్మా?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే దుర్గాంబగారు అందుకున్నారు.

"టిక్కెట్లకి ఒకటే నాయనా. తిండి దగ్గర ఎవరి దారి వాళ్ళదే."